ముందు షాకుల స్ప్రింగులు



మన పత్రికలో మోటారు సైకిలు స్ప్రింగులకు ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. అయితే తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో సేవ చేసేవారి ఆదివారము ఎలా గడుస్తుందో చూసినవారు అలా అనుకోరు. ఉదయము ఒక మందిరము, పదకొండు గంటలకు మరొక మందిరము, పొద్దు వాలేవేళకు మూడవది. మధ్యలో ఒక రోగిని చూడాలి, ఒక పెండ్లి మాటకు కూర్చోవాలి, ఇంకొక ఇంట బాలింతకోసము ప్రార్థన చేయాలి. బస్సును నమ్ముకుంటే ఒక్క ఊరితోనే దినము సరిపోతుంది. గనుక ఇదంతా ఒక వంద సీసీ బండిమీదనే జరుగుతుంది. ఆ బండికి పెట్రోలు పోయడము ఎవరూ మరువరు. గొలుసు వదులైతే చప్పుడు చేసి తానే చెప్పుకుంటుంది. ముందు కాళ్లలో కనబడకుండా పడి ఉండే రెండు స్ప్రింగులను మాత్రము బండి కొన్ననాటినుండి అమ్మేనాటివరకు ఒక్కసారైనా బయటికి తీసి చూసేవారు బహు తక్కువ.

మేమిద్దరము సేవలో ఉన్నవారము. మాలో ఒకరు బండి నడుపుతారు, ఒకరు వెనుక ఒక పక్కకు తిరిగి కూర్చుంటారు. వెనుక కూర్చునేవారి ఒడిలో ప్రభు బల్ల సామాను సంచి ఉంటుంది. అందుచేత బండిలో వచ్చిన లోపము మొదట వెనుకవారికే తెలిసింది. ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్న స్పీడు బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా ముందునుండి ఇనుము ఇనుముకు తగిలినట్టు ‘టక్’మని చప్పుడు, వెంటనే నడుములో పోటు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటిన తరువాత లోపలి రోడ్లు ఎలా తయారయ్యాయో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. తప్పు రోడ్డుదా, బండిదా అని తేల్చుకోవడానికి ఒక ఉపాయము చేశాము. సంఘములో ఒక తమ్ముడి బండి అడిగి తీసుకొని, అదే కాలువ కట్టమీద, అదే చప్టాలమీదుగా, అదే వేగముతో ఇద్దరము పోయి వచ్చాము. ఆ చప్పుడు లేదు. తప్పు మా బండిదేనని తేలింది.

ఆ నెలలోనే ఒక ఆదివారము, కంకర తేలిన చోట ముందు చక్రము గుంటలో పడి లేచినప్పుడు సంచిలోని ద్రాక్షరసపు సీసా పగిలింది. ఆ పల్లెలో ప్రభు బల్ల నెలకు ఒక్కసారే. మంచము దిగలేని ఒక అవ్వ తలకు ముసుగు వేసుకొని, ఉదయమునుండి ఏమీ తినకుండా కనిపెట్టుకొని ఉన్నది. ఆమె మరుసటి నెలవరకు ఆగవలసి వచ్చింది. “ఫర్వాలేదు అమ్మగారూ, దేవుడుంచితే వచ్చే నెల తీసుకుంటా” అన్నది. దేవుడుంచితే అన్న మాట ఆ వయసువారు ఊరికే అనరు.

మరి పది దినములకు పొరుగు సంఘపు ఉపదేశిగారు పడిపోయారు. చందోలు రోడ్డుమీద గేదె అడ్డము వచ్చింది. ఆయన బ్రేకు వేశారు. ముందుభాగము ఒక్కసారిగా కిందికి కూలబడి, చక్రము రోడ్డును వదిలి జారింది. వెనుక ఉన్న ఆయన భార్యకు దెబ్బ తగలలేదు, దేవునికి స్తోత్రము. ఆయనకు మెడ పక్క ఎముక విరిగి, చెయ్యి కట్టుకొని ఆరు వారాలు ఇంట్లో ఉన్నారు. ఆయన తిరిగే నాలుగు పల్లెలలో ఆ ఆరు ఆదివారములు పెద్దలే పాట పాడి, ప్రార్థించి ముగించారు. హెల్మెట్టు పెట్టుకున్నారు గనుక అంతటితో పోయింది.

ఈ రెండు సంగతుల తరువాత షాకుల విషయము తెలుసుకోవాలని కూర్చున్నాము. రేపల్లెలో మా సంఘపు యవ్వనస్థుడు ఒకడు మెకానిక్కు. పదవ తరగతితో చదువు మానిన పిల్లవాడే గాని, చేతిపనిలో బుద్ధిమంతుడు. అతడు చూపించినదీ, బండితో వచ్చిన పుస్తకములో చదివినదీ కలిపి వ్రాస్తున్నాము.

బండి ముందు కాలు ఒక్కొక్కటి రెండు గొట్టములు. పైన నునుపుగా మెరిసే సన్న గొట్టము, కింద చక్రాన్ని పట్టుకొని ఉండే లావు గొట్టము. ఇది దానిలోకి దూరి జారుతూ ఉంటుంది. లోపల ఇంచుమించు మూరెడు పొడవు స్ప్రింగు, దానితోకూడ నూనె. చాలామంది నూనెను గ్రీజువలె అరగకుండా ఉండడానికి పోస్తారనుకుంటారు. దాని అసలు పని వేరు. స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంటలో పడిన బండి పాత నులకమంచమువలె ఊగుతూనే ఉంటుంది. నూనె చిన్న రంధ్రములగుండా బలవంతముగా దూరవలసి వచ్చేసరికి ఆ ఊపు అణగిపోయి వేడిగా మారుతుంది. బరువును మోసేది స్ప్రింగు, ఊపును ఆపేది నూనె. ఈ రెంటిలో ఏది తప్పినా రెండవది దాని పని చేయలేదు.

స్ప్రింగు ఎంత బరువుకు ఎంత కుంగుతుందనే నియమాన్ని 1678లో ప్రకటించినవాడు ఇంగ్లండు దేశస్థుడు రాబర్ట్ హుక్. బరువు రెండింతలైతే కుంగుడు రెండింతలు. ఆయన ఒక దీవిలోని సంఘములో సేవచేసిన గురువుగారి కుమారుడు, ఆ సంగతి మాకు సంతోషము కలిగించింది. నూనెతో పనిచేసే ఇటువంటి ముందు కాళ్లు కంపెనీ బండికి వచ్చింది మాత్రము 1935లో, జర్మనీలో బి.ఎం.డబ్ల్యు.వారి ఆర్ 12 బండికి. మన దేశములో 1955నుండి మద్రాసులో బుల్లెట్లు తయారయ్యాక ఇవి మన ఊళ్లకూ అలవాటయ్యాయి. అంతకుముందు మన పెద్దలు ఏ స్ప్రింగు లేకుండానే తిరిగారు. ఫాదర్ హయ్యర్‌గారు గుంటూరుకు వచ్చినది 1842 జూలై 31న. అప్పటికి కృష్ణకు ఆనకట్ట కూడా లేదు. తరువాత కొమ్మమూరు కాలువలో పడవలు నడిచాయి, పెదగంజాము దగ్గర బకింగ్‌హాము కాలువలోకి దిగి మద్రాసువరకు పోయేవి. తెనాలినుండి రేపల్లెకు 1916లో రైలు వచ్చింది. నీటికీ పట్టాకూ గుంటలు లేవు. గుంటలన్నీ మన వంతుకే వచ్చాయి.

మా బండి స్ప్రింగులు తీయించడానికి శనివారము ఉదయము మందిరపు ఆవరణలోనే పెట్టుకున్నాము. బాలుర కూడికకు వచ్చిన పిల్లలు చుట్టూ చేరారు. బండిని పెద్ద స్టాండుమీద నిలిపి, ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, ముందు చక్రము నేలనుండి లేచేటట్టు చేశాడు. చక్రము తీయకముందే ఒక పని చేశాడు: పై టీ బోల్టులు వదులుచేసి, కింద టీ బిగుతుగా ఉండగానే కాలి పైనున్న మూత బోల్టులను ఒక్క చుట్టు వదులుచేశాడు. కాళ్లు బయటికి వచ్చాక వాటిని పట్టుకొని ఆ మూతలు తిప్పడము మహా కష్టమట. తరువాత బ్రేకు కేబులు, మీటరు కేబులు, యాక్సిలు రాడ్డు, చక్రము, మడ్‌గార్డు వరుసగా వచ్చాయి. కింద టీ బోల్టులు వదులుచేసి, కాళ్లను అటూ ఇటూ మెలిపెడుతూ కిందికి లాగాడు.

పూర్తిగా మూత తీసేటప్పుడు మాత్రము పిల్లలను దూరము జరగమన్నాడు. “అయ్యగారూ, మొగం పక్కకి పెట్టుకోండి. లోపల స్ప్రింగు ఒత్తిడిమీదుంటది, ఎగిరిందంటే కన్ను పోద్ది” అన్నాడు. గుడ్డ వేసి అరచేతితో గట్టిగా అదిమిపట్టి, నిదానముగా తిప్పి తీశాడు. ఇంటివద్ద సొంతముగా చేసుకోవాలనుకునే యవ్వనస్థులు ఈ ఒక్క మాట మరువవద్దు.

కాలును తలకిందులు చేస్తే నూనె రావాలి. కుడి కాలిలోనుండి సగము గ్లాసు నల్లని నీళ్లవంటిది వచ్చింది. ఎడమ కాలిలోనుండి నాలుగు చుక్కలు.

రెండు స్ప్రింగులను తుడిచి, మందిరపు అరుగుమీద గోడకు ఆనించి పక్కపక్కన నిలబెట్టాడు. రెండూ పుస్తకములో చెప్పిన పొడవుకంటె తక్కువే. కుడిది 4 మిల్లీమీటర్లు, ఎడమది 6. నూనె లేని కాలి స్ప్రింగు మరికొంచెము ఎక్కువ అలసినదన్నమాట. మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. అయితే ప్రతి కంపెనీ ఇంతకంటె పొట్టి అయితే వాడవద్దని పుస్తకములో ఒక హద్దు వ్రాస్తుంది. మావి రెండూ ఆ హద్దు దాటినవి.

స్ప్రింగులకోసము తెనాలి పోయాము. మొదటి కొట్టులో చెడ్డదొక్కటే మార్చుకోండి, డబ్బు మిగులుతుంది అన్నారు. ఆ మాట వినవద్దని మా పిల్లవాడు ముందే చెప్పి పంపాడు. ఒక కాలిలో కొత్తది, ఒక కాలిలో పాతది వేస్తే రెండూ సమానముగా కుంగవు; కొత్తది ఎక్కువ మోస్తుంది, యాక్సిలు మెలిపడుతుంది, హ్యాండిలు ఒక పక్కకు లాగుతుంది. ఎప్పుడైనా జతగానే మార్చాలి. రెండవ కొట్టులో ‘హెవీ’ స్ప్రింగులని లావుపాటివి చూపించారు. బరువులు వేసేవారు అవే పట్టుకుపోతారట. దీనిని గురించి కొంచెము వివరముగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

స్ప్రింగు తీగ లావు కొంచెము పెరిగితే గట్టితనము చాలా పెరుగుతుంది. తీగ లావు పదింట ఒక వంతు పెరిగినా గట్టితనము ఇంచుమించు ఒకటిన్నర రెట్లవుతుంది. మూడు వడ్లబస్తాలు వేసే బండికి అది తగునేమో గాని, ఇద్దరు మనుష్యులు, ఒక సంచి ఉన్న బండికి చిన్న గుంటలలో అది కుంగనే కుంగదు. అప్పుడు దెబ్బ అంతా మణికట్లకు, వెనుకవారి నడుముకు చేరుతుంది. కంకరమీద చక్రము నేలను అంటకుండా గెంతుతుంది. గెంతే చక్రానికి బ్రేకు పనిచేయదు.

ఇంకొందరు మూతకింద రెండు మూడు వాచర్లు వేయిస్తారు, కొన్నిచోట్ల పాత రూపాయి బిళ్లలు కూడా. దానివలన బండి ముందుభాగము ఎత్తుగా నిలబడుతుంది, నిజమే. స్ప్రింగు గట్టిపడిందని సంతోషిస్తారు. గట్టిపడదు. అలసిన ఎద్దుకు మెడపట్టీ మార్చినట్టు, ఎద్దు అదే. మరి కొందరు స్ప్రింగు బిగుతుగా ఉన్నదని ఒకటి రెండు చుట్లు కోయిస్తారు, మెత్తబడుతుందనుకొని. జరిగేది దానికి వ్యతిరేకము. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, పైగా పొట్టిదవుతుంది. ఇంట్లో పాత స్ప్రింగు ఉంటే సగానికి కోసి చేతితో నొక్కి చూడండి, తెలుస్తుంది.

మేము కంపెనీ కొలత ఉన్న మామూలు స్ప్రింగుల జత, రెండు ఆయిలు సీళ్లు, డస్టు కవర్లు, షాకుల నూనె తీసుకున్నాము. అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది.

ఇక్కడ ఒక మాట సంఘ పెద్దలతో. మందిరానికి మైకు సెట్టు అంటే సంఘము నెలలో చందా పోగుచేస్తుంది. క్రిస్మసు నక్షత్రానికి, రంగు దీపాలకు ఇచ్చేవారు ఉన్నారు. అయ్యగారి బండి షాకులకు అని ఏ కమిటీ పద్దులోనూ మేము చూడలేదు. అది ఆయన సొంత సంగతి అనుకుంటారు. బండి సొంతమే, తిరుగుడు సంఘానిది. మా కమిటీలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దాయన చాలాసేపు ఊరకుండి, “మా ఎద్దులకి నాడాలు నేనే ఏయిత్తాను కదండీ, ఎవుర్ని అడుగుతాను?” అన్నారు. ఆ మాట మా పక్షమా, వ్యతిరేకమా అని ఇప్పటికీ మాకు పూర్తిగా తెలియదు. సగము ఖర్చు సంఘము పెట్టడానికి మాత్రము ఒప్పుకున్నారు.

తెనాలిలో మోటారు బండ్ల పాత ఇనుము వృథా కాదు. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావుగారు, ఆయన కుమారుడు రవిచంద్రగారు పాత నట్లు, గొలుసులు, పళ్ల చక్రాలవంటివి అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. మా పాత స్ప్రింగులు అంత దూరము పోలేదు. బాలుర కూడిక పిల్లలు బ్రతిమాలి పట్టుకుపోయారు.

కొత్తవి వేయకముందు లోపలి గొట్టములను చూడాలి. మన తీరప్రాంతమువారికి ఇది ముఖ్యము. సూర్యలంక, నిజాంపట్నము వైపు ఉప్పుగాలి, రొయ్యల చెరువుల నీటి తుంపర తగిలి గొట్టముమీది మెరుపుపూత అక్కడక్కడ పొక్కుతుంది. ఆవగింజంత తుప్పు పొక్కు చాలు, ఆయిలు సీలు అంచును కోసివేయడానికి. ఎడమ కాలిలో నూనె పోయినది అందుకే. గోటితో గొట్టము పొడవునా రాసి చూస్తే పొక్కు గోటికి తగులుతుంది. మాది పైపైనే ఉన్నందున సన్నని కాగితముతో రుద్ది నునుపు చేశాడు. లోతుగా ఉంటే గొట్టమే మార్చాలి. తరువాత గొట్టములను కిటికీ అద్దముమీద దొర్లించాడు. వంకర ఉంటే దొర్లేటప్పుడు అద్దానికీ దానికీ మధ్య వెలుగు కనబడుతుంది. మా అదృష్టమనకూడదు, దేవుని దయ, రెండూ తిన్నగా ఉన్నవి.

సీళ్లకు నూనె పూసి నిదానముగా దించి, నూనె కొలతగ్లాసుతో పోశాడు. మా బండికి కాలు ఒక్కింటికి 160 మిల్లీలీటర్లు. ఏ బండికి ఆ బండి పుస్తకమే చూడాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. నూనె పైన కొంత గాలి ఉండాలి, ఆ చోటు లేకపోతే కాలు బిగుసుకుపోయి సీలు పగులుతుంది. ఇంజనులోనుండి తీసిన పాత ఆయిలు పోసేవారినీ చూశాము. అందులోని మడ్డి చిన్న రంధ్రములను మూసివేస్తుంది. నూనె పోశాక గొట్టమును పది పన్నెండుసార్లు మెల్లగా పైకి కిందికి ఆడించి గాలి పోగొట్టాడు. రెండు కాళ్లలో నూనె సమానముగా ఉన్నదో లేదో స్కేలు దించి చూశాడు. అప్పుడు స్ప్రింగులు. ఒక కొసన చుట్లు దగ్గరగా, ఇంకొక కొసన ఎడముగా ఉంటాయి. ఏ కొస పైకి ఉండాలనేది బండినిబట్టి ఉంటుంది. పాతవి తీసేటప్పుడే పైకొసకు దారము కట్టి గుర్తు పెట్టుకున్నాడు గనుక వెతుకులాట లేదు.

అన్నీ బిగించాడు గాని కింద యాక్సిలు నట్టును, టీ బోల్టులను చివరి బిగింపు బిగించలేదు. బండి కిందికి దింపి, ముందు బ్రేకు పట్టుకొని, హ్యాండిలు నాలుగైదుసార్లు గట్టిగా అదిమి వదిలాడు. కాళ్లు రెండూ తమ చోటుకు తిన్నగా వచ్చి కూర్చున్నాక, పూర్తిగా బిగించాడు. ముందే బిగిస్తే కాళ్లు ఒకదానికొకటి వంకరగా నిలిచి పట్టుకుపోతాయట.

చివరి పరీక్ష పిల్లలకు బాగా నచ్చింది. లోపలి గొట్టముచుట్టూ, సీలుకు ఆనించి, ఒక నూలుపోగు కట్టాడు. మమ్మల్ని ఇద్దరినీ సంచితో సహా మెల్లగా ఎక్కి కూర్చొని దిగమన్నాడు. పోగు ఎంత పైకి జరిగిందో కొలిచాడు. చక్రము మొత్తము కదిలే దూరములో నాలుగవ వంతుకు, మూడవ వంతుకు మధ్య ఉంటే స్ప్రింగు మన బరువుకు సరిపోయినట్టు. మాది ఆ మధ్యనే నిలిచింది. తరువాత కాలువ కట్టమీద పోయి వచ్చాము. గుంటలు పోలేదు, అవి అలాగే ఉన్నవి. ‘టక్’మనే చప్పుడు పోయింది. బ్రేకు వేస్తే ముందుభాగము వంగుతుంది, కాని నిదానముగా వంగి ఆగుతుంది. వెనుకవారు బాపట్లవరకు వచ్చి స్త్రీల కూడికలో నేలమీద కూర్చొని లేవగలిగారు. మూడు నెలలుగా కుర్చీ అడిగేవారు.

అవ్వకు ఆ నెల మొదటి ఆదివారమే ప్రభు బల్ల అందింది. ఉన్నది, దేవుడుంచాడు.

మరుసటి మంగళవారము మా పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని ఉపదేశిగారి ఇంటికి పోయాము. బండి పాకలో గోడకు ఆనించి ఉన్నది, దానిమీద గోనెపట్ట. భార్య దానిని అమ్మివేయమంటున్నారు. పిల్లవాడు గోనెపట్ట తీసి, ముందు కాళ్లను వేలితో రాసి చూశాడు. వెలుపలి గొట్టము పొడవునా నూనె జారి, దుమ్ము పట్టి, బ్రేకు డ్రమ్ము దాకా దిగి ఉన్నది. బ్రేకు లైనింగులకు కూడా తగిలి ఉంటుందన్నాడు. మూతలు విప్పి స్ప్రింగులు తీశాడు. ఒకదానికంటె ఒకటి 8 మిల్లీమీటర్లు పొట్టి. పైన ఒక్కొక్క కాలిలో మూడేసి వాచర్లు.

ఉపదేశిగారు కట్టుతోనే వచ్చి, రెండు స్ప్రింగులనూ ఎడమ చేతిలో పట్టుకొని చాలాసేపు చూశారు. భార్యవైపు తిరిగి, “అమ్మేమాట తర్వాత చూద్దాంలే” అన్నారు. ఆమె ఏమీ అనలేదు గాని, పిల్లవాణ్ణి కొత్తవి ఎప్పుడు తెస్తావు బాబూ అని అడిగారు. సోమవారము తెనాలి పోవడానికి నిశ్చయించుకున్నాము. గొట్టములలో ఒకటి వంగి ఉన్నది గనుక అది కూడా తేవాలి.